మోసే బరువు, నిలిపే బరువు: వేట రైఫిల్ ఎంపిక గురించి

(టెక్సాస్‌లోని డాలస్ సమీపంలో, వేట నేర్చుకుంటున్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈ బల్ల మీద మూడు రైఫిళ్లు ఉన్నాయి. మూడూ ఖాళీవే. తూటాను లోపలికి తోసి మూసే వాటి బోల్టులు తీసి నా సంచిలో పెట్టుకున్నాను కాబట్టి ఎవరూ కంగారుపడవలసిన పని లేదు. పక్కనే వేలాడదీసిన స్ప్రింగ్ త్రాసు కూడా ఉంది. మీరు వేటాడే తీరుకు ఎంత బరువున్న రైఫిల్ తగినది అన్న ఒక్క ప్రశ్న గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను. తుపాకి కొనబోయేవారు ముందు ఏ తూటా అని అడుగుతారు, ఆ తరువాత ఏ కంపెనీ అని, ఎంత ధర అని అడుగుతారు. బరువు విషయానికి వస్తే మాత్రం దుకాణంలో చేతికి తీసుకుని, అబ్బ, ఎంత తేలికగా ఉందో అనుకోవడంతో సరిపెడతారు. నేనూ ఒకప్పుడు అలాగే సరిపెట్టాను. దాని ఫలితం నేను అనుభవించలేదు, ఒక జంతువు అనుభవించింది. అందుకే ముందుగా ఆ సంగతి చెబుతాను.

పన్నెండేళ్ల కిందట కొలరాడోలో తొలిసారి ఎల్క్ వేటకు లైసెన్సు తీసుకున్నాను. ఎల్క్ అంటే మన సాంబారు దుప్పికి దూరపు చుట్టం, అంతకన్నా పెద్దది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఇంట్లో పెద్దల దగ్గర వేట నేర్చుకునే అవకాశం నాకు లేదు. మీలో చాలామందికీ లేదనుకుంటాను. కొండ వేటకు తేలిక తుపాకి కావాలని అందరూ చెప్పారు, ఎల్క్‌కు పెద్ద తూటా కావాలని కూడా అందరూ చెప్పారు. రెండు సలహాలనూ కలిపి, ఖాళీగా 6 పౌండ్లు కూడా తూగని .300 విన్చెస్టర్ మాగ్నమ్ అనే, మందు ఎక్కువ పట్టే శక్తివంతమైన తూటా రైఫిల్ కొన్నాను. దుకాణంలో దూదిపింజలా అనిపించింది. షూటింగ్ రేంజిలో ఐదు తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. పది కాల్చి, గురి కుదిరిందని తృప్తిపడి ఇంటికి వచ్చేశాను. ఆ పది తూటాల్లోనే నా శరీరం ఒక చెడ్డ పాఠం నేర్చుకుందనీ, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుని భుజం ముందుకు తోయడం అలవాటైపోయిందనీ అప్పటికి గ్రహించలేదు.

ఫ్లాట్ టాప్స్ ప్రాంతంలో, సుమారు 10,000 అడుగుల ఎత్తున, ఒక ఆడ ఎల్క్ 200 గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. ఏటవాలు ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. కూర్చుని గురిపెడితే ఆ తేలిక బ్యారెల్ నా గుండె చప్పుడుకల్లా ఊగింది. ఆగలేక, ఊగుతున్న గురి సరైన చోటికి వచ్చినట్టు అనిపించిన క్షణంలో ట్రిగ్గర్‌ను లాగేశాను. గుండు ఊపిరితిత్తులకు కాకుండా బాగా వెనకగా తగిలింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కల వెంట నడిచాను, మర్నాడంతా వెతికాను, మధ్యాహ్నం నుంచి పడిన మంచు జాడలన్నిటినీ కప్పేసింది. ఆ ఎల్క్ దొరకలేదు. ఆ తప్పులో నా తొందర ఉంది, సాధన లేకపోవడం ఉంది. వాటికి ముందు, నాకు సరిపడని బరువున్న తుపాకి కూడా ఉంది.

ఇప్పుడు ఆ బరువు చేసే పని ఏమిటో చూద్దాం. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ద్రవ్యవేగ నిత్యత్వ నియమం కింద తుపాకి, గుండు లెక్క మనమందరం చేసినదే. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో తుపాకి అంతే ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. మందు కాలి వెలువడే వాయువులదీ అందులో వాటా ఉంటుంది. ద్రవ్యవేగం మారనప్పుడు, వెనక్కి తన్నే శక్తి తుపాకి బరువుకు విలోమంగా ఉంటుంది. 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండ్లను తూచే చిన్న కొలత) గుండు సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్లే .30-06 తూటాను తీసుకుంటే, 8 పౌండ్ల రైఫిల్‌లో ఆ తన్ను, శక్తి కొలత అయిన అడుగు-పౌండ్లలో, సుమారు 20 ఉంటుంది. అదే తూటాను 6 పౌండ్ల రైఫిల్‌లో కాలిస్తే సుమారు 27కు చేరుతుంది. రెండు పౌండ్లు తగ్గించినందుకు తన్ను మూడో వంతు పెరిగింది. పైగా అది మరింత వేగంగా వచ్చి తగులుతుంది, భుజం దాన్ని తోపులా కాక దెబ్బలా అనుభవిస్తుంది.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూడండి. 140 గ్రెయిన్ల గుండున్న 6.5 క్రీడ్‌మోర్ తూటా 8 పౌండ్ల రైఫిల్‌లో సుమారు 12 అడుగు-పౌండ్లు తన్నుతుంది, 6 పౌండ్ల రైఫిల్‌లో సుమారు 16. అంటే తేలిక రైఫిల్‌లో క్రీడ్‌మోర్, బరువైన రైఫిల్‌లోని .30-06 కన్నా మెత్తగా ఉంటుంది. అందుచేత బరువు, తూటా అనేవి వేర్వేరుగా తీసుకోవలసిన నిర్ణయాలు కావు. తుపాకిని తేలిక చేసుకోదలచినవారు తూటాను కూడా తేలిక చేసుకోవాలి. ఈ మాట నాకు ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

బరువు చేసే రెండో పని నిలకడ. బరువైన వస్తువుకు జడత్వం ఎక్కువ కాబట్టి నాడి కొట్టుకోవడం, ఊపిరి ఎగదిగడం, చేతి వణుకు వంటి చిన్న చిన్న కదలికలను అది అంత త్వరగా స్వీకరించదు. తేలిక రైఫిల్ వాటన్నిటికీ వెంటనే స్పందిస్తుంది. ట్రిగ్గర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 9 పౌండ్ల రైఫిల్‌ను 4 పౌండ్ల ఒత్తిడి కోరే ట్రిగ్గర్‌తో కాల్చినప్పుడు కనిపించని లోపం, 5 పౌండ్ల రైఫిల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే వేలు పెట్టే బలం దాదాపు తుపాకి బరువంతా ఉండి గురిని పక్కకు లాగుతుంది. తేలిక రైఫిల్ కొన్నవారు దాని ట్రిగ్గర్‌ను అనుభవజ్ఞుడైన గన్‌స్మిత్ చేత సురక్షితమైన మేరకు తేలిక చేయించుకోవడం విలాసం కాదు, అవసరం.

ఇక త్రాసు దగ్గరికి వస్తాను. ఈ మొదటి రైఫిల్ కేటలాగులో 6.5 పౌండ్లని రాసి ఉంది. అది ఖాళీ తుపాకి బరువు. గురి చూసే దుర్భిణి, అంటే స్కోపు, 13 ఔన్సులు. దాన్ని బిగించే బేసులు, రింగులు కలిపి 5 ఔన్సులు. భుజాన తగిలించుకునే పట్టీ 5 ఔన్సులు. నాలుగు .30-06 తూటాలు సుమారు 4 ఔన్సులు. మొత్తం 27 ఔన్సులు, అంటే ఒక పౌను 11 ఔన్సులు. త్రాసుకు తగిలిస్తున్నాను, చూడండి: ముల్లు 8 పౌండ్లు దాటి 3 ఔన్సుల దగ్గర ఆగింది. అడవిలో మీ భుజాన ఉండేది ఈ తుపాకి, కేటలాగులోది కాదు. దూరపు గురికోసం తయారైన పెద్ద స్కోపులు కొన్ని 3 పౌండ్ల దాకా ఉంటాయి. వేల డాలర్లు పోసి కార్బన్ ఫైబర్ తుపాకి కొని, దాని నెత్తిన అటువంటి స్కోపు ఎక్కించిన మిత్రులను చూశాను. తీసేసిన బరువంతా తిరిగి వచ్చి, అదీ పైభాగాన కూర్చుని, తుపాకి చేతిలో ఒరిగిపోతూ ఉంటుంది.

ఈ విషయంలో అమెరికా నావికా పదాతిదళ మాజీ అధికారి, తుపాకి శిక్షణలో పేరెన్నికగన్న జెఫ్ కూపర్ ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది. ఆయన స్కౌట్ రైఫిల్ అని పిలిచిన తుపాకికి ఆదర్శమైన బరువు 3 కిలోలనీ, గరిష్ఠంగా 3.5 కిలోలనీ హద్దు పెట్టారు. తూటాలు లేకపోయినా, స్కోపు, పట్టీ వంటివన్నీ కలుపుకునే ఆ హద్దు. 3.5 కిలోలంటే సుమారు 7.7 పౌండ్లు. అన్నీ కలిపి తూచిన తరువాతే బరువు గురించి మాట్లాడాలన్న ఆ పద్ధతిని మనమూ పాటించాలి. ఇకమీదట మీ వేటకు నేను సూచించే బరువులన్నీ అలా తూచినవే, తూటాలతో సహా.

మీలో ఎక్కువమంది టెక్సాస్‌లోనే వేటాడతారు కాబట్టి మొదట ఇక్కడి సంగతి. ఇక్కడ తెల్లతోక దుప్పి వేట చాలావరకు మంచె వేట. మన జొన్నచేలల్లో కాపలాకు వేసే మంచెను గుర్తు చేసుకోండి. ఇక్కడి డీర్ బ్లైండ్ దానికి గోడలు, కిటికీలు పెట్టినట్టు ఉంటుంది. ట్రక్కు దిగి కొద్ది దూరం నడవడం, కూర్చోవడం, కిటికీ అంచు మీద తుపాకి ఆనించి సుమారు 100 గజాల దూరంలో గురిపెట్టడం. ఈ వేటకు 9 పౌండ్ల రైఫిల్ ఏ మాత్రం భారం కాదు, 10 పౌండ్లయినా ఫరవాలేదు. తన్ను తగ్గుతుంది, గురి నిలుస్తుంది. ఇక్కడ తేలిక తుపాకికి ఎక్కువ ధర పెట్టడమంటే అవసరం లేని చోట డబ్బు పోసి, అవసరమైన నిలకడను వదులుకోవడమే.

కొలరాడో ఎల్క్ వేట దీనికి పూర్తిగా భిన్నం. జాతీయ అడవుల్లో 9,000 నుంచి 11,000 అడుగుల ఎత్తున, గాలి పలచగా ఉండే చోట, తెల్లవారుజామున బయలుదేరి రోజుకు ఎనిమిది పది మైళ్లు నడవవలసి రావచ్చు. మోసేవాడికి తెలుసు కావడి బరువు అన్న సామెత అక్కడ ప్రతి మలుపులోనూ గుర్తుకొస్తుంది. రైఫిల్ బరువు వీపు మీది సంచి బరువులాంటిది కాదు. సంచి బరువు నడుము పట్టీ ద్వారా కాళ్లకు దిగుతుంది. రైఫిల్ మాత్రం ఒక భుజాన వేలాడుతుంది, లేదా ఒక చేతిలో ఉంటుంది, రాళ్ల మీద ఎక్కేటప్పుడు ఆ చెయ్యి మరో పనికి రాదు. వేట ఫలించిందంటే అసలు మోత అప్పుడు మొదలవుతుంది. పెద్ద పోతు ఎల్క్ మాంసం ఎముకలు తీసేసినా సుమారు 200 పౌండ్లు ఉంటుంది, దాన్ని మూడు నాలుగు దఫాలుగా కిందికి మోసేటప్పుడు తుపాకి కూడా వెంటే ఉంటుంది.

అయితే ఆ కొండ ఎక్కిన తరువాత కాల్చవలసినదీ ఆ తుపాకితోనే. ఎగశ్వాసతో, గాలిలో, ఏటవాలు మీద కూర్చుని కాల్చే ఆ ఒక్క తూటా కోసమే ఆ నడకంతా. అందుకే ఎల్క్ వేటకు అన్నీ కలిపి 8 పౌండ్లకు కాస్త అటూ ఇటూగా ఉండే రైఫిల్, .308 విన్చెస్టర్, .270 విన్చెస్టర్, .30-06 వంటి తూటా సరైన కలయిక అని నా నిశ్చితాభిప్రాయం. మాగ్నమ్ కావాలనుకునేవారు ఇంకో పౌను మోయడానికి సిద్ధపడాలి. చెట్లు మొలవని ఎత్తుల్లో కొండగొర్రెలను వేటాడేవారికి 6.5 పౌండ్ల రైఫిల్ న్యాయమే, ఎందుకంటే అక్కడ రోజుల తరబడి ఎక్కడమే ఉంటుంది. అటువంటి రైఫిల్‌లో మెత్తని తూటా వాడాలి, దానితో సాధన రెట్టింపు చేయాలి.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. రైఫిల్‌లో ఒక్క పౌను తగ్గించడానికి వెయ్యి డాలర్లు ఖర్చు పెట్టే ముందు, మీ బూట్లు, సంచి, అందులో వెంట తీసుకెళ్లే అనవసర సామాను ఒకసారి తూచి చూడండి. వాటిలో మూడు నాలుగు పౌండ్లు ఖర్చు లేకుండా తగ్గుతాయి. వాటికి నిలకడతో పని లేదు కాబట్టి వాటిలో తగ్గిన ప్రతి ఔన్సూ పూర్తిగా లాభమే.

ఈశాన్య రాష్ట్రాల్లో, మెయిన్, వెర్మాంట్ అడవుల్లో, మంచు మీద దుప్పి అడుగుల వెంట రోజంతా నడిచే వేట మరో రకం. కాల్చేది 50 గజాల లోపు, నిలబడి, అదీ రెండు మూడు సెకన్లలో. అక్కడివారు విన్చెస్టర్ 1894 మోడల్ లీవర్ రైఫిల్‌ను తరాలుగా ఇష్టపడడానికి కారణం దాని 6.5 పౌండ్లకు పైచిలుకు బరువు ఒక్కటే కాదు, ఆ బరువు రెండు చేతుల మధ్యన కుదురుకుని ఉండడం. వ్యోమింగ్ మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ జింక వేటలో బోర్లా పడుకుని, బైపాడ్ అనే రెండు కాళ్ల ఆసరా మీద ఆనించి దూరం కాల్చవలసి వస్తుంది కాబట్టి 9 పౌండ్ల దాకా మేలే. ప్రెయిరీ డాగ్‌ల వంటి చిన్న జంతువులను రోజంతా కాల్చేవారికి లావు బ్యారెల్ ఉన్న 10, 12 పౌండ్ల రైఫిలే కావాలి. ఆఫ్రికాలో అడవిదున్నల కోసం వాడే .375 హెచ్ అండ్ హెచ్ రైఫిళ్లు 9 పౌండ్లు దాటి ఉండడం, .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ జోడు బ్యారెళ్ల తుపాకులు 10 పౌండ్లు మించడం తయారీదారుల చేతకానితనం వల్ల కాదు. ఆ బరువు లేకపోతే రెండో తూటా వేళకు కాల్చేవాడు నిలదొక్కుకోలేడు.

బరువు ఎంత అన్నదాని తరువాత, అది ఎక్కడ ఉంది అన్న ప్రశ్న వస్తుంది. కావడి బద్దకు రెండు కుండలు సమంగా ఉంటే ఎంత దూరమైనా మోయగలం, ఒకటి నిండి ఒకటి వెలితిగా ఉంటే పది అడుగులకే భుజం నొస్తుంది. రైఫిల్ గరిమనాభి రెండు చేతుల మధ్య, తూటాల అర ముందు భాగం దగ్గర ఉంటే చేతికి బాగా ఒదుగుతుంది. బ్యారెల్ చివర కొద్దిగా బరువు ఉంటే గురి నిలకడగా ఉంటుంది, మరీ తేలికైతే ఊగుతుంది, మరీ బరువైతే ఎడమ చెయ్యి త్వరగా అలసిపోతుంది. ఈ మధ్య సైలెన్సర్లు బిగించుకునేవారు పెరిగారు. కాల్చేవారి చెవులకు అవి చేసే మేలు పెద్దది, తన్ను కూడా తగ్గిస్తాయి. కానీ ముప్పాతిక పౌను నుంచి పౌను దాకా బరువును సరిగ్గా బ్యారెల్ కొసన వేలాడదీస్తాయి. వాటిని వాడదలచినవారు 18, 20 అంగుళాల పొట్టి బ్యారెల్ తీసుకోవడం మంచిది. బ్యారెల్ కొసన బిగించి వాయువులను పక్కలకు మళ్లించే మజిల్ బ్రేక్ తన్ను తగ్గించినా చప్పుడును కాల్చేవారి చెవుల మీదికి, పక్కనున్నవారి చెవుల మీదికి మళ్లిస్తుంది. అందుకే నేను దాన్ని సిఫారసు చేయను.

బరువు తగ్గించే మార్గాలకు పాత చరిత్రే ఉంది. 1952లో విన్చెస్టర్ తన మోడల్ 70ని ఫెదర్‌వెయిట్ పేరుతో తేలిక చేసినప్పుడు సన్నని 22 అంగుళాల బ్యారెల్, కింది భాగాల్లో ఉక్కుకు బదులు అల్యూమినియం వాడింది. 1980లలో వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ మరో దారి పట్టారు. తూటా పొడవుకు సరిపోయేంత యాక్షన్‌ను (తూటాను లోపలికి తోసి బిగించే యంత్రభాగాన్ని) మాత్రమే తయారుచేసి, కెవ్లార్, గ్రాఫైట్ కలిపిన గట్టి చట్రంలో బ్యారెల్‌ను మొత్తం ఆనించి, స్కోపు లేకుండా 5 పౌండ్లకు లోపు ఉండే రైఫిళ్లు చేశారు. సన్నని బ్యారెల్ మూడు నాలుగు తూటాలకే వేడెక్కి గుండ్లు చెదిరిపోతాయని చాలామంది ఫిర్యాదు చేస్తారు. రేంజిలో అది నిజమే. వేటలో లెక్కకు వచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా. తేలిక రైఫిల్‌ను పరీక్షించేటప్పుడు ప్రతి మూడు తూటాలకూ బ్యారెల్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి. గడియారం చూసి పదిహేను నిమిషాలు ఆగే ఓపిక లేకపోతే ఆ తుపాకి మీద తీర్పు చెప్పే హక్కు మనకు లేదు.

తేలిక రైఫిల్‌ను పట్టే పద్ధతి కూడా వేరు. బరువైన రైఫిల్‌ను ఇసుక సంచి మీద పెట్టి ముందుభాగం వదిలేసినా అది తన దారిన తాను నిలుస్తుంది. తేలికదాన్ని అలా వదిలితే కాల్చిన క్షణంలో ఎగిరి గుండును పక్కదారి పట్టిస్తుంది. ఎడమ చేత్తో ముందుభాగాన్ని గట్టిగా పట్టుకుని, మడమను, అంటే భుజానికి ఆనే తుపాకి వెనుక భాగాన్ని, భుజంలోకి లాగి, ప్రతిసారీ ఒకే ఒత్తిడితో కాల్చాలి.

ముందు వరుసలో కూర్చున్న ఒక సోదరి, ప్రసంగానికి ముందు నన్ను ఒక ప్రశ్న అడిగారు. తన పన్నెండేళ్ల కూతురికి దుకాణంలో బాగా తేలికైన చిన్న రైఫిల్ చూపించారట, కొనవచ్చా అన్నారు. అమ్మా, ఆ పిల్ల కోసం నేను చెప్పేది ఇది. పిల్లలకు కావలసింది పొట్టి మడమ, చేతికి అందే ట్రిగ్గర్; కేవలం తేలికదనం కాదు. అయిదున్నర పౌండ్ల తుపాకిలో గట్టి తూటా పెట్టి ఇస్తే మొదటి రోజే భయపడుతుంది, ఆ భయం పోగొట్టడానికి ఏళ్లు పడుతుంది. నాకు పట్టినన్ని ఏళ్లు ఆ బిడ్డకు పట్టకూడదు. .243 విన్చెస్టర్ లేదా 6.5 క్రీడ్‌మోర్‌లో, పొట్టి మడమతో, అన్నీ కలిపి 7.5 పౌండ్లు ఉండేది తీసుకోండి. మంచెలో ఆ బరువును కిటికీ మోస్తుంది, నడిచేటప్పుడు మీరు మోయండి. సాధన ముందుగా .22 రైఫిల్‌తో మొదలుపెట్టించండి.

కొనే ముందు మీకై మీరు చేసుకోగల పరీక్ష ఒకటుంది. జిమ్‌లో 6, 9, 12 పౌండ్ల బరువు కడ్డీలు దొరుకుతాయి. వాటిలో ఒకటి చేతపట్టుకుని మెట్ల యంత్రం మీద గంటసేపు ఎక్కండి. దిగిన వెంటనే, ఆయాసం తీరకముందే, కడ్డీని గురిపెట్టినట్టు ఎత్తి గోడ మీది ఒక చుక్క వైపు ఇరవై సెకన్లు నిలపండి. మరో రోజు మరో కడ్డీతో చేయండి. ఎక్కేటప్పుడు ఏది ఇబ్బంది పెట్టిందో, నిలిపేటప్పుడు ఏది ఊగిందో రెండూ రాసుకోండి. ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో మీ రైఫిల్ బరువు ఉంటుంది.

ఇప్పుడు ఒక్కొక్కరుగా బల్ల దగ్గరికి రండి. మొదటిది నేను ఇప్పుడు ఎల్క్ వేటకు తీసుకెళ్లే .30-06, దాని బరువు ఇందాక చూశారు. రెండోది మంచె వేటది, 9 పౌండ్ల 10 ఔన్సులు. మూడోది నేను ఆ ఎల్క్‌ను పోగొట్టుకున్న రైఫిల్. దాన్ని అమ్మలేదు. ఎత్తి చూడండి, ఎంత హాయిగా చేతికి వస్తుందో మీకే తెలుస్తుంది. ఆ తరువాత దాన్ని భుజానికి ఆనించి, అదిగో ఆ గోడ మీద అంటించిన నల్లచుక్క మీద నిలిపి చూడండి.